చట్టపు మాటలు – వాటి బలాబలములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున దీపము కొండెక్కకుండ కాపాడుకొన్న గ్రంథాలయమునకు నేడు పండుగ. ఇట్టి దినమున కావ్యమును గురించియో పురాణమును గురించియో మాటలాడిన వినుటకు ఇంపుగా నుండును. కాని కార్యవర్గమువారు “మా చందాదారులకు అక్కరకు వచ్చు విషయమేదైన చెప్పుడు” అని కోరిరి. అందుచేత చట్టపు మాటలను గురించి నాలుగు ముక్కలు చెప్పుటకు పూనుకొన్నాను. నేను న్యాయవాదిని కాను. చట్టపు మాట ఒకటి అర్థము కాక మా ఇంటివారికి కలిగిన నష్టమే నన్ను ఈ మాటల వెంట త్రిప్పినది. ముందుగా ఆ కథ మనవి చేసెదను.

మా మేనమామ మెట్ట సేద్యగాడు. 1983వ సంవత్సరమున ప్రక్క చేని ఆసామి కూతురి పెండ్లికి డబ్బు చాలక, ప్రభుత్వము తనకిచ్చిన మూడెకరముల డి.కె.టి. భూమిని మా మామకు అమ్మెను. డి.కె.టి. అనగా దర్ఖాస్తు పెట్టుకొనగా ప్రభుత్వము వారిచ్చిన పట్టా అని మన సీమలో ఎల్లరకు తెలిసినదే. స్టాంపు కాగితముపై వ్రాసికొనిరి. సాక్షులు వ్రేలిముద్రలు వేసిరి. మామ ఆ నేలలో రాళ్లేరి, బావి త్రవ్వించి, వేరుసెనగ పండించెను. కొన్ని ఏండ్లు గడచిన తరువాత నోటీసు వచ్చినది. భూమి తిరిగి అమ్మినవారి కుటుంబమునకే చేరినది. బావియు దానితోనే పోయినది. ఇచ్చిన సొమ్ము రాలేదు. రెండిండ్ల నడుమ మాటలు నిలిచిపోయినవి. ఇందులో మోసగాడెవ్వడును లేడు, ఇద్దరును బీదవారే.

ఆ పట్టా కాగితమును నేను తరువాత చూచితిని. షరతులలో “అన్యాక్రాంతము చేయరాదు” అని స్పష్టముగా ఉన్నది. “కొన్ననాడు దీనిని చదివించుకోలేదా మామా?” అని అడిగితిని. ఆయన చెప్పిన మాట నేటికిని నా చెవులలో నున్నది. “చదివించుకుంటిమి కదరా అబ్బీ! అన్యాయంగా ఆక్రమించుకోగూడదని కదా దాని అర్థం! మేమేమన్నా ఆక్రమించినామా? దుడ్లిచ్చి కొనుక్కుంటిమి.”

అన్యాక్రాంతము అనగా ఇతరుల పరము చేయుట. అమ్ముట, దానమిచ్చుట, మార్చుకొనుట, తాకట్టు పెట్టుట, కౌలుకిచ్చుట ఇవన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఆ మాట తెలుగు లిపిలోనే ఉన్నది; చదివినవాడు చదువుకొన్నవాడే. ఐనను అర్థము చేరవలసిన చోటికి చేరలేదు. ఆ ఒక్క మాట తెలిసియుండిన మూడెకరములును, ఒక బావియు, రెండిండ్ల స్నేహమును నిలిచియుండెడివి. కావుననే చట్టపు మాటలు వకీళ్లకు మాత్రమే చాలునని నేను ఒప్పుకొనజాలను.

ఇక ‘శాసనము’ అను మాటను చూతము. నేడు శాసనసభ అనుచున్నాము. శాసనమనగా చట్టమని అర్థము చెప్పుకొనుచున్నాము. పూర్వము శాసనమనగా ఱాతిమీదనో రాగిరేకుమీదనో చెక్కించిన ఆజ్ఞయో దానమో. ఈ విషయమున మన రెండు జిల్లాలకు గొప్ప వారసత్వమున్నది. కర్నూలు జిల్లాలో పత్తికొండ ప్రాంతమున, జొన్నగిరికి చేరువనున్న ఎఱ్ఱగుడి గుండ్లమీద అశోక చక్రవర్తి ధర్మాజ్ఞలు నేటికిని కానవచ్చును. అవి క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. వానిలో ఒక చోట, రాజుకుడను ఉద్యోగి భేరి మ్రోగించి జానపదులకు ఈ ఆజ్ఞను తెలియజెప్పవలెనని యున్నది. అనగా దండోరా! ఆజ్ఞ చెక్కించిన మాత్రమున చాలదు, పల్లెవానికి వినిపించవలెనని ఆ ప్రభువు ఎరుగును.

కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమళ్ల గ్రామము కలదు. అచ్చటి చెన్నకేశవస్వామి ఆలయ ప్రాంగణమున రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము దొరకినది. సుమారు క్రీ. శ. 575 నాటిదగు ఆ శాసనమునే తెలుగు భాషలో మనకు దొరకిన తొలి శాసనముగా పండితులు ఎంచుచున్నారు. తెలుగు మాట తొలిసారి ఱాతిమీద రాజాజ్ఞకు సాటిగా నిలిచినది మన నేలమీదనే. అట్టి నేలమీద పుట్టినవారికి తమ చేతికి వచ్చిన ప్రభుత్వపు కాగితము అర్థము కాకపోవుట చింతింపదగిన విషయము.

నేటి కాగితములకు పేర్లు అనేకములు. వానినన్నింటిని మనము ‘సర్కారు కాగితము’ అని ఒకే గంపలో వేయుదుము. పొరపాటు అక్కడనే మొదలగుచున్నది. వాని బలము ఒక్కటి కాదు. అన్నింటికిని పైన రాజ్యాంగము కలదు. దానికి లోబడి చట్టము. చట్టము కాబోవు ముసాయిదా బిల్లు. అది శాసనసభలోను, శాసనమండలి ఉన్నచోట అందులోను ఆమోదము పొంది, గవర్నరు సమ్మతి పొందిన పిమ్మటనే చట్టమగును. పత్రికలో “బిల్లు ప్రవేశపెట్టిరి” అని చదివి చట్టము వచ్చినదని తలంచుట, నిశ్చితార్థమును చూచి పెండ్లి జరిగినదనుట వంటిది. సభలు సమావేశములో లేనప్పుడు అవసరమును బట్టి గవర్నరు చేయునది ఆర్డినెన్సు. దానికి చట్టముతో సమానమైన బలమున్నను ఆయువు కొద్ది. సభ తిరిగి కూడిన ఆరు వారములలో చట్టముగా మారకున్న అది చెల్లిపోవును.

చట్టమునకు క్రింద నియమములు. “ఈ పని జరుగవలెను” అని చట్టము చెప్పును. ఏ ఫారము, ఎన్ని దినముల గడువు, ఎవరికి అర్జీ అన్నది నియమములు చెప్పును. ఆపైన ప్రభుత్వ ఉత్తరువు. దీనినే మనము జి.ఓ. అందుము. దాని క్రిందివి మెమోలు, సర్క్యులర్లు. ఇవి ఉద్యోగులకు పైవారు చెప్పు సూచనలు. క్రింది మెట్టు పై మెట్టును త్రోసివేయజాలదు. సర్క్యులరు చట్టమును మార్చలేదు. చట్టము రాజ్యాంగమును దాటలేదు. చట్టమను మాటకు చట్రమను అర్థము కూడ కలదు. చట్రము ఎంతవరకో తలుపు అంతవరకే.

ఈ బలాబలములను మన సీమ చరిత్రయే మనకు బోధించుచున్నది. 1800లో నిజాము కుంఫిణీవారికి ఈ ప్రాంతమును అప్పగించెను. అది సంధి, ఇద్దరు ప్రభువుల నడుమ ఒప్పందము. ఇందులోని పల్లెలను ఎవరును అడుగలేదు. ఆ ఒక్క కాగితముతో మనకు దత్తమండలములను పేరు వచ్చినది. కర్నూలు మాత్రము నవాబుల క్రింద నుండి 1839లో కుంఫిణీ వశమైనది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా దత్తమండలములు రాయలసీమ అయినవి. ఆ పేరును ఏ చట్టమును ఈయలేదు. జనుల నాలుకయే దానిని స్థిరపరచినది.

1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట శ్రీబాగ్ ఒడంబడిక జరిగినది. రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమ కోరుకొనవచ్చునని, కృష్ణ, తుంగభద్ర, పెన్న నీటిలో పది సంవత్సరములు గాని, అవసరమైనంత కాలము గాని రాయలసీమ, నెల్లూరులకు ప్రాధాన్యము ఈయవలెనని పెద్దలు అంగీకరించిరి. గౌరవనీయులు చేసిన గౌరవప్రదమైన ఒడంబడిక అది. కాని ఒడంబడిక చట్టము కాదు. 1953లో పార్లమెంటు చేసిన ఆంధ్ర రాష్ట్ర చట్టము ననుసరించి అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడినది. కర్నూలు రాజధాని అయినది. హైకోర్టు గుంటూరున నెలకొన్నది. మూడేండ్లు శాసనసభ కర్నూలున కూడి చట్టములు చేసినది. 1956 నవంబరు 1న రాష్ట్ర పునర్విభజన చట్టము ననుసరించి ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా రాజధాని హైదరాబాదునకు తరలినది. ఒడంబడికను చూపి ఆవేదన చెప్పుకొనగలిగిరి గాని, కోర్టులో నిలబెట్టి అమలు జరిపించుకొనగల సెక్షను మనవారి చేతిలో లేదు. మాట ఇచ్చుట వేరు. ఆ మాటను చట్టములో వ్రాసికొనుట వేరు.

మరియొక ఉదాహరణము నీటిది. శ్రీశైలము జలాశయమున నీరు 854 అడుగుల మట్టమునకు తగ్గిన కొలదియు పోతిరెడ్డిపాడు నుండి సీమకు రావలసిన నీరు సన్నగిల్లును. 1996లో వచ్చిన 69వ నెంబరు జి.ఓ. కనీసమట్టమును 834 అడుగులుగా నిర్ణయించినది. 2004లో వచ్చిన 107వ నెంబరు జి.ఓ. దానిని మరల 854 అడుగులకు పెంచినది. ఇరువది అడుగుల నీరు ఒక జి.ఓ.తో దిగి, మరియొక జి.ఓ.తో ఎక్కినది. చట్టమును మార్చవలెనన్న సభలో చర్చ జరుగును, పత్రికలలో వచ్చును, జనులు విందురు. జి.ఓ. మారుటకు అంత సందడి అక్కరలేదు. కావున “జి.ఓ. వచ్చినది” అని సంతోషించువారు అది మరల మారవచ్చునని కూడ ఎరుగవలెను.

2024లో కర్నూలున హైకోర్టు బెంచి కావలెనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించినది. తీర్మానమనగా సభ తన అభిప్రాయమును తెలుపుట. ఇదియు విలువగలదే, కాని తీర్మానమును చట్టమనుకొనరాదు. సంధి, ఒడంబడిక, తీర్మానము, ఉత్తరువు, చట్టము ఈ అయిదు మాటలకు భేదము తెలిసినవాడు మన సీమ చరిత్రలో సగము తెలిసినవాడే.

ఇక చట్టము లోపలికి పోదము. లోపల భయపెట్టునవి పెద్ద మాటలు. కాని ఫలితమును తేల్చునవి చిన్న మాటలు. వానిలో అయిదింటిని మాత్రము చెప్పెదను.

మొదటిది ‘అనగా’. చట్టము మొదట నిర్వచనముల సెక్షను ఉండును. ఊరిలో మాటకున్న అర్థము వేరు, చట్టములో దానికి కట్టిన అర్థము వేరు కావచ్చును. అందుచేత ముందుగా అక్కడ చూడవలెను. రెండవది ‘వలెను’, మూడవది ‘వచ్చును’. “అధికారి విచారణ జరుపవలెను” అన్నచో సాధారణముగా అది విధి. “జరుపవచ్చును” అన్నచో ఆయన వివేచనకు వదలినట్లు. అర్జీదారునికి ఈ రెండింటి భేదము ఆకాశమునకును భూమికిని గల భేదమే. నాలుగవది ‘అయితే’. సెక్షను చివర “అయితే” అని మొదలైనచో అది మినహాయింపు. పై వాక్యము మూసిన తలుపును ఈ మాట ఒక జానెడు తెరచును. అయిదవది ‘ఏమి యున్నప్పటికిని’. “మరి ఏ చట్టములో ఏమి యున్నప్పటికిని” అని యున్నచో, పోటీ వచ్చినప్పుడు ఈ సెక్షనే గెలువవలెనని శాసనకర్తల ఉద్దేశము.

ఈ దృష్టితో మా మామ విషయమును మరల చూతము. ఆయనకు తగిలినది 1977వ సంవత్సరపు 9వ చట్టము, అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టము. భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన భూమి ధనవంతుల పాలు కాకూడదని దాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. అందులో కొన్ని మినహాయింపులును కలవు. చట్టము అమలులోనికి వచ్చిన 1977 జనవరి 21వ తేదీకి ముందే, భూమిలేని బీదవాడొకడు సదుద్దేశముతో వెలయిచ్చి అట్టి భూమిని కొనియున్నచో ఆ నిషేధము అతనికి వర్తింపదు. సహకార సంఘమునకో బ్యాంకునకో తాకట్టు పెట్టుటకును మినహాయింపు ఉన్నది. మా మామ బీదవాడే, వెలయిచ్చినవాడే. కాని కొన్నది 1983లో. ఆయన బ్యాంకులో తాకట్టు పెట్టుకొని అప్పు తెచ్చుకొనుడని అమ్మినవానికి సలహా చెప్పియుండిన, ఆ పెండ్లియు జరిగియుండెడిది, భూమియు నిలిచియుండెడిది. ‘అయితే’ అను మాట ఎంతటి మేలు దాచుకొన్నదో చూడుడు.

కొన్ని చోట్ల మాట కూడ ఉండదు, చుక్క ఉండును. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారుని పేరుండవలసిన చోట కొన్ని సర్వే నెంబర్లకు చుక్కలు పెట్టిరి. తాతల నాటి నుండి దున్నుకొనుచున్న రైతు ఆ చుక్కల కారణమున భూమిని అమ్ముకొనలేక, అప్పు తెచ్చుకొనలేక తిరిగెను. చుక్కల భూములను గురించి 2017లో ప్రత్యేకముగా చట్టమే చేయవలసి వచ్చినది. చుక్కకే ఇంత బలమున్నప్పుడు మాటను తేలికగా తీసికొనదగునా?

చట్టమునకు పుట్టుక, పెరుగుదల, అంతము కలవు. ఆమోదము పొందిన దినముననే అమలు కావలెనని లేదు. అమలు తేదీని గెజెట్టులో ప్రకటింతురు. నాటి భేరి స్థానమున నేడు గెజెట్టు వచ్చినది. తరువాత సవరణలు వచ్చును. 2023లో చేసిన సవరణ, అసైన్డు భూమి పొంది 20 సంవత్సరములు నిండిన మూల పట్టాదారులకు షరతులతో బదలాయింపు హక్కును కల్పించినది. 1977 నాటి పాత ప్రతిని మాత్రమే చదివినవానికి ఇది తెలియదు. సవరణను గురించి వినికిడి మాత్రమే గలవానికి షరతులు తెలియవు. ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కు చట్టము 2023లో అమలులోనికి వచ్చి 2024లో రద్దయినది. కాబట్టి ఏ చట్టమును చూచినను “ఇది నేడు అమలులో ఉన్నదా? చివరి సవరణ ఎప్పటిది?” అను రెండు ప్రశ్నలు వేయవలెను.

రద్దయిన చట్టముతో అన్నియు తుడిచిపెట్టుకొని పోవు. మోసగానిని మనము ‘ఫోర్ ట్వంటీ’ అందుము. ఆ నెంబరు 1860 నాటి భారత శిక్షాస్మృతిలోనిది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. మోసము ఇప్పుడు 318వ సెక్షను. హత్యకు శిక్ష 302 కాదు, 103. ఐనను ఆ తేదీకి ముందు చేసిన నేరములకు పాత స్మృతియే వర్తించును. దీనినే రద్దు, రక్షణ అందురు. ఇల్లు పడగొట్టినను పాత అప్పు మిగులునట్లు, చట్టము పోయినను దాని క్రింద నాడు పుట్టిన బాధ్యతలు నిలుచును.

భాషను గూర్చి ఒక మాట. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. కాని రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము రాష్ట్ర చట్టములకు ఇంగ్లీషు పాఠమే ప్రామాణికము. సభ తెలుగులోనే చట్టము చేసినను గెజెట్టులో ప్రకటించిన ఇంగ్లీషు అనువాదమునే ప్రామాణికముగా గ్రహింతురు. కేంద్ర చట్టముల విషయమున మాత్రము, రాష్ట్రపతి అధికారమున ప్రకటించిన తెలుగు అనువాదమునకు ప్రామాణికత నిచ్చుచు 1973లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. కలమళ్ల శాసనము చెక్కిన నేలమీద తెలుగు ఇంకను ఇంగ్లీషు వెనుక నిలువవలసి వచ్చుచున్నది. అయితే తెలుగులోనికి మార్చిన మాత్రమున కార్యము తీరదు. “అన్యాక్రాంతము చేయరాదు” అనుటకు మారుగా “అమ్మరాదు, ఊరక ఈయరాదు, మార్చుకొనరాదు, కౌలుకీయరాదు” అని వ్రాసియున్నచో మా మామకు తెలియకపోవునా? అనువాదకులు నిఘంటువును ప్రక్కన పెట్టుకొన్నట్లే రైతును కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను.

ఇక మన కర్తవ్యము. కర్నూలున 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో రాజద్రోహ నేరము క్రింద జైలుకు పోయిన ధీరులు. ఆయనయే తరువాత గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును తన శక్తిని ధారపోసిరి. చట్టము చేత శిక్ష పొందిన మనిషి జనులకు చదువు నేర్పుటకు పూనుకొనుట నాకు అర్థవంతముగా తోచుచున్నది. గ్రంథాలయమునకును ఒక చట్టమున్నదని మరువకుడు. 1948లో మదరాసులోను, 1960లో ఆంధ్రప్రదేశ్‌లోను గ్రంథాలయ చట్టములు వచ్చినవి. మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరియున్నది. కావున గ్రంథాలయమును అడుగుట యాచన కాదు, హక్కు.

అందుచేత కార్యవర్గమువారికి మూడు మనవులు. నెలకొక ఆదివారము సాయంకాలము, ఊరికి వచ్చిన నోటీసులను, చట్టముల తెలుగు ప్రతులను ఇక్కడ పెద్దగా చదివి వినిపించుడు. చదువురానివారును వచ్చి కూర్చుండవలెను; ఎఱ్ఱగుడి భేరి మ్రోగినది వారి కొరకే. రెండవది, ఒక పెద్ద పుస్తకము నుంచి, ఎవరికి ఏ చట్టపు మాట ఎదురైనను దానిని అందులో వ్రాయించుడు. అర్థము తెలిసినవారు ఎదుట వ్రాయుదురు. పదేండ్లలో అది ఈ ఊరి నిఘంటువగును. మూడవది, చదివియు సందేహము తీరనిచో ఊహతో పని జరిగించుకొనక తెలిసినవారికడకు పంపుడు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, తక్కువ ఆదాయము గలవారికిని ఉచితముగా న్యాయ సహాయము లభించును. అది దానము కాదు, చట్టమిచ్చినది.

ఆ పుస్తకములో మొదటి మాటగా ‘అన్యాక్రాంతము’ అని నేనే నా చేతితో వ్రాసి, దాని కెదురుగా అర్థము వ్రాసి, మా మామ పేరిట ఈ గ్రంథాలయమునకు సమర్పించుకొనెదను. తరువాతి మాట మీరు వ్రాయుడు.